డిపెండెంట్ సోర్స్ ఉన్న సర్క్యూట్‌కు ఎల్‌టీస్పైస్‌లో థెవెనిన్ నిరోధం కొలిస్తే మూడు పద్ధతులకు మూడు జవాబులు వస్తున్నాయి

ప్రశ్న | ఈఈఈ_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. నెట్‌వర్క్ థియరీ ల్యాబ్‌లో ఒక సర్క్యూట్‌కు థెవెనిన్, నార్టన్ సమానవలయాలను (రెండు టెర్మినళ్ల వద్ద అసలు సర్క్యూట్‌లాగే ప్రవర్తించే, ఒక సోర్స్, ఒక రెసిస్టర్ మాత్రమే ఉన్న రూపాలను) ముందు చేతితో లెక్కగట్టి, తరువాత సర్క్యూట్లను కంప్యూటర్లో నడిపి చూపే ఎల్‌టీస్పైస్‌ ప్రోగ్రాములో కొలిచి సరిచూడమన్నారు. సర్క్యూట్‌ను మాటల్లో చెబుతాను. 12 వోల్టుల డీసీ సోర్స్ 5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఏ అనే నోడ్‌కు కలిసి ఉంది. ఏ నుంచి గ్రౌండ్‌కు 20 కిలోఓమ్‌లు, ఏ నుంచి బీ అనే నోడ్‌కు 1 కిలోఓమ్ ఉన్నాయి. బీ, గ్రౌండ్ అనే రెండూ బయటి టెర్మినళ్లు. వీటికి తోడు ఏ నుంచి గ్రౌండ్‌కు కరెంటును లాగే ఒక డిపెండెంట్ కరెంట్ సోర్స్ ఉంది. ఏ నోడ్ వోల్టేజిలో ఒక్కో వోల్టుకు అది 0.25 మిల్లీఆంపియర్ల చొప్పున లాగుతుంది.

డిపెండెంట్ సోర్స్‌ను పెట్టకముందు ఏ ఇబ్బందీ రాలేదు. టెర్మినళ్లు తెరిచి ఉంచితే 9.6 వోల్టులు, షార్ట్ చేస్తే 1.92 మిల్లీఆంపియర్లు వచ్చాయి. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 5 కిలోఓమ్‌లు, చేతి లెక్కలోనూ అంతే. డిపెండెంట్ సోర్స్‌ను చేర్చిన తరువాతే చిక్కు మొదలైంది. ఇప్పుడు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 4.8 వోల్టులు వస్తోంది. షార్ట్ సర్క్యూట్ కరెంటు కోసం బీకీ గ్రౌండ్‌కూ మధ్య సున్నా వోల్టుల సోర్స్ పెట్టి దాని కరెంటు చదివితే మైనస్ 1.6 మిల్లీఆంపియర్లు వస్తోంది, అంటే నిరోధం మైనస్ 3 కిలోఓమ్‌లు అవుతోంది. సోర్సులన్నీ తీసేసి చూడమని పుస్తకంలో ఉంది కదా అని 12 వోల్టుల సోర్స్‌నూ డిపెండెంట్ సోర్స్‌నూ డిలీట్ చేసి, బీలోకి 1 మిల్లీఆంపియర్ పంపితే 21 వోల్టులు వచ్చాయి, అంటే 21 కిలోఓమ్‌లు. చేతితో చేస్తే మాత్రం 5 కిలోఓమ్‌లే వస్తోంది.

వీటిలో ఏది సరైనది? సిమ్యులేషన్‌లో ఈ కొలతలు తీసుకునే సరైన క్రమం ఏమిటో దయచేసి చెప్పగలరా?

జవాబు | ల్యాబ్_అధ్యాపకుడు

మీ కొలతల్లో సరైనది 3 కిలోఓమ్‌లే. ముందున్న మైనస్ గుర్తు సోర్స్‌ను పెట్టిన దిశ వల్ల వచ్చింది, సర్క్యూట్ వల్ల కాదు. స్పైస్ కుటుంబానికి చెందిన ప్రోగ్రాములన్నింటిలో వోల్టేజి సోర్స్ కరెంటు దాని ప్లస్ కొన నుంచి లోపలికి ప్రవేశించి మైనస్ కొన నుంచి బయటికి వస్తే పాజిటివ్‌గా చూపుతారు. మీ సున్నా వోల్టుల సోర్స్‌లో ప్లస్ కొన గ్రౌండ్ వైపు ఉండి ఉంటుంది, దాన్ని బీ వైపుకు తిప్పితే 1.6 మిల్లీఆంపియర్లు పాజిటివ్‌గానే కనబడుతుంది. ఇదే కారణంగా మీ 12 వోల్టుల సోర్స్, టెర్మినళ్లు తెరిచి ఉన్నప్పుడు 1.44 మిల్లీఆంపియర్లు సరఫరా చేస్తున్నా, దాని కరెంటు మైనస్ 1.44గా కనబడుతుంది. సున్నా వోల్టుల సోర్స్‌ను అమ్మీటరుగా వాడటం మాత్రం చాలా మంచి పద్ధతి. వట్టి తీగతో షార్ట్ చేస్తే బీ, గ్రౌండ్ ఒకే నోడ్‌గా కలిసిపోతాయి కనుక ఆ తీగలో పారే కరెంటును నేరుగా చదవడానికి వీలుండదు.

ఇక 21 కిలోఓమ్‌ల సంగతి. సోర్స్‌ను నిర్వీర్యం చేయడమంటే దాని విలువను సున్నా చేయడమే తప్ప బొమ్మలోంచి తుడిచేయడం కాదు. వోల్టేజి సోర్స్ విలువ సున్నా అయితే అది షార్ట్ అవుతుంది, కరెంటు సోర్స్ విలువ సున్నా అయితే ఓపెన్ అవుతుంది. మీరు 12 వోల్టుల సోర్స్‌ను డిలీట్ చేయడంతో 5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక కొన గాలిలో వేలాడుతూ మిగిలింది, దానిలో కరెంటు పారే దారి లేదు, కాబట్టి 20 కిలోఓమ్‌లూ 1 కిలోఓమ్ కలిసి 21 అయ్యాయి. సోర్స్‌ను అలాగే ఉంచి, దాని విలువ గడిలో 12 తీసి 0 రాస్తే ఈ పొరపాటుకు అవకాశమే ఉండదు.

చేతి లెక్కలో ఆ షార్ట్ సరిగ్గానే చేశారు కానీ డిపెండెంట్ సోర్స్‌ను కూడా తీసేశారు, అందుకే 5 వచ్చింది. నిర్వీర్యం చేయాల్సింది ఇండిపెండెంట్ సోర్సులను, అంటే సర్క్యూట్‌లోని మరో వోల్టేజి మీదో కరెంటు మీదో ఆధారపడనివాటిని మాత్రమే. ఏ నోడ్ వోల్టేజి మారినప్పుడల్లా డిపెండెంట్ సోర్స్ కరెంటు కూడా మారుతుంది, అంటే అది రెసిస్టర్ల లాగానే సర్క్యూట్ స్వభావంలో భాగం. మీ ప్రత్యేక సందర్భంలో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే ఏ కొసల మధ్య ఉందో ఆ కొసల వోల్టేజి చేతనే నియంత్రణ పొందుతూ ప్రతి వోల్టుకు 0.25 మిల్లీఆంపియర్లు లాగే సోర్స్ అచ్చంగా 4 కిలోఓమ్‌ల రెసిస్టరే. 5, 20, 4 కిలోఓమ్‌లను సమాంతరంగా కలిపితే 2 కిలోఓమ్‌లు వస్తాయి, దానికి 1 కలిపితే 3. నియంత్రించే వోల్టేజి సర్క్యూట్‌లో వేరే చోట ఉంటే ఇంత సులువుగా తేలదు, అప్పుడు కింద చెప్పే పద్ధతే శరణ్యం.

12 వోల్టుల సోర్స్ విలువను సున్నా చేసి, డిపెండెంట్ సోర్స్‌ను ముట్టుకోకుండా, గ్రౌండ్ నుంచి బీలోకి 1 మిల్లీఆంపియర్ పంపే కరెంటు సోర్స్ పెట్టి, ఆపరేటింగ్ పాయింట్ లెక్క (స్థిరమైన డీసీ విలువలను కనుక్కునే లెక్క) నడపండి. ఏ వద్ద 2 వోల్టులు, బీ వద్ద 3 వోల్టులు కనబడాలి. కొందరు 1 ఆంపియర్ పంపి, వచ్చిన వోల్టులనే ఓమ్‌లుగా చదువుకుంటారు. ఇక్కడ 3000 వోల్టులు వస్తుంది, సిమ్యులేషన్‌లో దాని వల్ల ఏమీ కాలిపోదు. అన్నీ రెసిస్టర్లూ లీనియర్ సోర్సులే అయినంతవరకు ఇందులో తప్పు లేదు కానీ, డయోడో ట్రాన్సిస్టరో ఉన్న సర్క్యూట్‌లో 1 ఆంపియర్ పంపి తీసుకున్న సంఖ్యకు అర్థమే ఉండదు.

జవాబు | స్పైస్_అలవాటు

పై జవాబుకు ఒక చిన్న చేర్పు. స్పైస్‌లో ఈ పనికోసమే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఆదేశం ఉంది. చుక్క పెట్టి టీఎఫ్ అని రాసి, తరువాత బీ నోడ్ వోల్టేజినీ ఇన్‌పుట్ సోర్స్ పేరునూ ఇస్తే, దేన్నీ తీయకుండా, దేన్నీ సున్నా చేయకుండా మూడు సంఖ్యలు చెబుతుంది. మీ సర్క్యూట్‌కు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 0.4, సోర్స్ వైపు నుంచి చూసిన ఇన్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు 8333 ఓమ్‌లు, బీ వద్ద అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 3000 ఓమ్‌లు రావాలి. 12ను 0.4తో గుణిస్తే మీ 4.8 వోల్టులు అవే వస్తాయి.

రెండు జాగ్రత్తలు అవసరం. సర్క్యూట్‌లో ఒకటి కన్నా ఎక్కువ ఇండిపెండెంట్ సోర్సులుంటే ఆ 0.4 వంటి సంఖ్య మీరు పేరు చెప్పిన ఒక్క సోర్స్‌కే వర్తిస్తుంది, కాబట్టి థెవెనిన్ వోల్టేజిని ఆపరేటింగ్ పాయింట్ లెక్క నుంచే తీసుకోవాలి. రెండోది, లోడ్ రెసిస్టర్‌ను బీ దగ్గరే వదిలేసి ఈ ఆదేశం నడిపితే అది కూడా లెక్కలో కలిసిపోయి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువగా కనబడుతుంది.

జవాబు | పవర్‌సప్లై_డిజైనర్

సంఖ్యలు తేలాయి కనుక అసలు ఏమి కొలుస్తున్నామో చెప్పాలనిపించింది. ఓపెన్, షార్ట్ అనే రెండు కొలతలకు ప్రత్యేకమైన మహిమ ఏదీ లేదు. లీనియర్ సర్క్యూట్‌ను రెండు టెర్మినళ్ల దగ్గర నిలబడి చూస్తే బయటికి కనబడేది వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఒక సరళరేఖ మాత్రమే, ఆ రేఖనే ఒక సోర్స్, ఒక రెసిస్టర్ రూపంలో రాసుకుంటే దానికి సమానవలయమని పేరు. రేఖను గీయడానికి ఏ రెండు బిందువులైనా చాలు. 1883లో ఈ సూత్రాన్ని ప్రచురించిన థెవెనిన్ ఫ్రాన్స్‌లో టెలిగ్రాఫ్ ఇంజనీరు. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే, 1853లో, హెల్మ్‌హోల్ట్స్ ఇదే ఫలితాన్ని రాశాడు. కరెంటు సోర్స్ రూపాన్ని 1926లో బెల్ ల్యాబ్స్‌లో నార్టన్, జర్మనీలో మాయర్ విడివిడిగా చెప్పారు. రూపం ఏదైనా రేఖ అదే.

మీ సర్క్యూట్‌కు 9 కిలోఓమ్‌ల లోడ్ పెడితే 3.6 వోల్టులు, 0.4 మిల్లీఆంపియర్లు వస్తాయి. 3 కిలోఓమ్‌ల లోడ్ పెడితే 2.4 వోల్టులు, 0.8 మిల్లీఆంపియర్లు వస్తాయి. వోల్టేజి 1.2 తగ్గడానికి కరెంటు 0.4 మిల్లీఆంపియర్లు పెరిగింది, కాబట్టి నిరోధం 3 కిలోఓమ్‌లు. 3.6కు 0.4 మిల్లీఆంపియర్లు, 3 కిలోఓమ్‌ల లబ్ధమైన 1.2 కలిపితే 4.8 వోల్టులు. ఓపెన్‌కూ షార్ట్‌కూ పోకుండానే మొత్తం తేలింది. నిజమైన పరికరాల మీద నేను ఎప్పుడూ ఇలాగే కొలుస్తాను, ఎందుకంటే కారు బ్యాటరీని షార్ట్ చేసి కరెంటు కొలవాలనుకునేవారు ఆ తరువాత అమ్మీటరును వెతుక్కోవాల్సి వస్తుంది. బ్యాటరీ లోపలి నిరోధం మిల్లీఓమ్‌లలో ఉంటుంది, కరెంటు వందల ఆంపియర్లకు పోతుంది. కరెంట్ లిమిట్ ఉన్న పవర్ సప్లైని షార్ట్ చేస్తే ప్రమాదం ఉండకపోవచ్చు గానీ, అది చూపేది లిమిట్‌గా పెట్టుకున్న కరెంటునే. ఓపెన్ వోల్టేజిని దానితో భాగిస్తే వచ్చే నిరోధం ఆ పెట్టెలో ఎక్కడా ఉండదు.

సిమ్యులేషన్‌లో ఇంకా మెరుగైన పని చేయవచ్చు. బీ వద్ద ఒక వోల్టేజి సోర్స్ పెట్టి, డీసీ స్వీప్‌తో దాన్ని 0 నుంచి 4.8 వోల్టుల దాకా నడిపి, కరెంటును గ్రాఫ్‌గా గీయండి. మీ సర్క్యూట్‌కు 1.6 మిల్లీఆంపియర్ల నుంచి సున్నాకు దిగే సరళరేఖ వస్తుంది. ఏ నోడ్ దగ్గర ఒక జీనర్ డయోడ్‌ను చేర్చి మళ్లీ గీస్తే గీత వంగుతుంది. అప్పుడు కూడా ఓపెన్, షార్ట్ కొలతలు రెండూ వస్తాయి, భాగిస్తే ఒక సంఖ్య కూడా వస్తుంది, కానీ ఆ రెండు బిందువుల మధ్య ఎక్కడా ఆ సంఖ్యను నమ్మడానికి వీలుండదు. గీతను చూడకుండా రెండు సంఖ్యలతో సరిపెట్టుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇదే. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఆదేశం కూడా ఆ వంపు మీద ఒక్క బిందువు దగ్గరి వాలునే చెబుతుంది.

కొందరు విద్యార్థులు ఓపెన్ సర్క్యూట్‌కు బదులు చాలా పెద్ద రెసిస్టర్ అనుకుని విలువ గడిలో 1 పక్కన ఎం అక్షరం పెడతారు. స్పైస్‌కు పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఎం అంటే మిల్లీ, అంటే మీరు పెట్టింది ఒక మిల్లీఓమ్, దాదాపు షార్ట్. మెగా కావాలంటే మెగ్ అని మూడు అక్షరాలూ రాయాలి. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి సున్నాకు దగ్గరగా వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఒక హెచ్చరిక కూడా. సమానవలయం బయటి లోడ్‌కు మాత్రమే సమానం. టెర్మినళ్లు తెరిచి ఉన్నప్పుడు మీ అసలు సర్క్యూట్‌లో 12 వోల్టుల సోర్స్ 17.28 మిల్లీవాట్లు ఇస్తోంది, థెవెనిన్ రూపంలో మాత్రం ఏ శక్తీ ఖర్చు కాదు. అందువల్ల లోపలి రెసిస్టర్లు ఎంత వేడెక్కుతాయో సమానవలయం నుంచి లెక్కగట్టడానికి వీల్లేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన | ఈఈఈ_రెండో_ఏడు

చాలా ధన్యవాదాలు సర్. సోర్స్ విలువను సున్నా చేసి 1 మిల్లీఆంపియర్ పంపితే 3 వోల్టులు వచ్చాయి, ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఆదేశంతోనూ 3000 ఓమ్‌లే వచ్చింది, స్వీప్‌లో గీత కూడా వంపు లేకుండానే ఉంది.

మరో రెండు సందేహాలు మిగిలాయి. డిపెండెంట్ సోర్స్‌ను తిప్పి, ఏ నోడ్ నుంచి లాగే బదులు ఏ నోడ్‌లోకి అదే 0.25 మిల్లీఆంపియర్లు పంపేలా పెడితే షార్ట్ సర్క్యూట్ కరెంటు 2.4 మిల్లీఆంపియర్లని చక్కగా వస్తోంది గానీ, టెర్మినళ్లు తెరిస్తే జవాబు తేలడం లేదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా? రెండోది, ఏ నుంచి గ్రౌండ్‌కు కెపాసిటర్ ఉంటే ఈ పద్ధతులన్నీ పనికొస్తాయా?

జవాబు | స్పైస్_అలవాటు

కెపాసిటర్ సంగతి నేను చెబుతాను. బీలోకి పంపే కరెంటు సోర్స్‌కు ఏసీ విలువ 1 ఇచ్చి ఏసీ అనాలిసిస్ నడపండి. ఏసీ విలువ ఇవ్వని సోర్సులన్నింటినీ ప్రోగ్రామే సున్నాగా తీసుకుంటుంది కనుక 12 వోల్టుల సోర్స్‌ను ముట్టుకోనక్కరలేదు, బీ నోడ్ వోల్టేజే నేరుగా ఇంపీడెన్స్ అవుతుంది. లాగే దిశలో ఉన్న మీ మొదటి సర్క్యూట్‌లో ఏ వద్ద 0.1 మైక్రోఫారడ్ పెడితే, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో 3 కిలోఓమ్‌లు, చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో 1 కిలోఓమ్ కనబడతాయి. సుమారు 796 హెర్ట్జ్ దగ్గర 2 కిలోఓమ్‌ల నిరోధం, 1 కిలోఓమ్ కెపాసిటివ్ రియాక్టెన్స్, అంటే పరిమాణం 2236 ఓమ్‌లు, కోణం మైనస్ 26.6 డిగ్రీలు. గ్రాఫ్ మొదట డెసిబెల్స్‌లో ఉంటుంది కాబట్టి 2236కు బదులు 67 అని చూసి కంగారుపడకండి, ఎడమ అక్షాన్ని లీనియర్‌కు మార్చుకోవచ్చు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో సమానవలయం వస్తుంది. లోడ్ రెసిస్టర్‌ను పెంచుతూ తగ్గిస్తూ వోల్టేజి సగమైన చోట ఆగి, ఆ లోడ్ విలువనే నిరోధంగా తీసుకునే చిట్కా ఇక్కడ పనిచేయదు, దానికి ఇంపీడెన్స్ అచ్చంగా నిరోధమే అయి ఉండాలి.

జవాబు | ల్యాబ్_అధ్యాపకుడు

తిప్పిన సోర్స్ విషయంలో సాఫ్ట్‌వేర్ లోపం లేదు. ఏ నోడ్ దగ్గర 5, 20 కిలోఓమ్‌ల కండక్టెన్సులు (నిరోధాలకు విలోమాలు) కలిపితే సరిగ్గా 0.25 మిల్లీసీమెన్స్. మీరు తిప్పి పెట్టిన సోర్స్ మైనస్ 0.25 మిల్లీసీమెన్స్‌తో సమానం. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడంతో, 12 వోల్టుల సోర్స్ వల్ల ఏ నోడ్‌కు చేరే 2.4 మిల్లీఆంపియర్లకు టెర్మినళ్లు తెరిచి ఉన్నప్పుడు పోయే దారి ఉండదు, సమీకరణానికి పరిష్కారమే ఉండదు. ప్రోగ్రాము దశాంశాలను ఎక్కడ కత్తిరిస్తుందన్న దాన్ని బట్టి ఒకసారి మాట్రిక్స్ సింగ్యులర్ (అంటే సమీకరణాలకు ఒకే ఒక్క పరిష్కారం దొరకదు) అని ఆగిపోవచ్చు, మరోసారి అర్థంలేనంత పెద్ద సంఖ్య చూపవచ్చు. షార్ట్ చేస్తే ఆ 2.4 మిల్లీఆంపియర్లూ 1 కిలోఓమ్ ద్వారా బయటికి పోతాయి. అంటే ఈ సర్క్యూట్‌కు నార్టన్ రూపం ఉంది, అది సమాంతర నిరోధం లేని ఆదర్శ కరెంటు సోర్స్. థెవెనిన్ రూపం మాత్రం లేదు. రెండు రూపాలూ ఎప్పుడూ ఉంటాయని అనుకుంటాం గానీ, ఆదర్శ సోర్సుల దగ్గర ఒకటే మిగులుతుంది. మీకు అనుకోకుండా మంచి ఉదాహరణే దొరికింది.

ఇంకో అడుగు వేసి, తిప్పిన సోర్స్ విలువను 0.3 మిల్లీఆంపియర్లకు పెంచి చూడండి. ఇప్పుడు ఆపరేటింగ్ పాయింట్ లెక్క ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి మైనస్ 48 వోల్టులనీ, షార్ట్ సర్క్యూట్ కరెంటు సుమారు 2.53 మిల్లీఆంపియర్లనీ ఇస్తుంది. నిరోధం మైనస్ 19 కిలోఓమ్‌లు. ఈసారి మైనస్ గుర్తు సోర్స్‌ను పెట్టిన దిశ వల్ల వచ్చింది కాదు, సర్క్యూట్‌లోనిదే. లెక్క ప్రకారం అది సరైనదే గానీ, డీసీ లెక్క సమతుల్య స్థితి ఎక్కడుందో చెబుతుందే తప్ప సర్క్యూట్ అక్కడ నిలబడుతుందా లేదా అన్నది చూడదు. ఏ నోడ్ వద్ద 0.1 మైక్రోఫారడ్ పెట్టి, టెర్మినళ్లు తెరిచి, ఆపరేటింగ్ పాయింట్ లెక్కను దాటవేసి కెపాసిటర్ సున్నా నుంచి మొదలయ్యేలా, కాలంతో పాటు వచ్చే మార్పును చూపే ట్రాన్సియంట్ అనాలిసిస్ నడపండి. వోల్టేజి మైనస్ 48 వైపు రాదు, వ్యతిరేక దిశలో పైకి ఎగబాకుతుంది. పెరుగుదలకు కాలస్థిరాంకం 2 మిల్లీసెకన్లు, 10 మిల్లీసెకన్లు గడిచేసరికి అది ఏడు వేల వోల్టులు దాటి ఉంటుంది. బీ దగ్గర 19 కిలోఓమ్‌ల కన్నా తక్కువ లోడ్ పెడితే ఏ నోడ్ వద్ద మొత్తం కండక్టెన్స్ తిరిగి పాజిటివ్ అవుతుంది, అప్పుడు వోల్టేజి ఒక విలువ దగ్గర స్థిరపడుతుంది. 10 కిలోఓమ్‌లతో ఒకసారి, 30 కిలోఓమ్‌లతో ఒకసారి నడిపి రెండు గ్రాఫులనూ ల్యాబ్ రికార్డులో జతచేయండి.